ఈగర్, కీన్, ఎంథూజియాస్టిక్, జెలస్: అన్నీ ఉత్సాహమేనా?

ప్రశ్న ఇది: "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి పంపిన కవర్ లెటర్‌లో 'ఐ యామ్ ఎ ప్యాషనేట్ అండ్ జెలస్ ఇంజనీర్, యాంక్షియస్ టు జాయిన్ యువర్ కంపెనీ' అని రాశాను. మాదాపూర్‌లో పనిచేసే ఫ్రెండ్ చదివి నవ్వాడు. నిఘంటువు తీస్తే ఈగర్, కీన్, ఎంథూజియాస్టిక్, ఆర్డెంట్, జెలస్ (జెడ్‌తో మొదలయ్యేది) అన్నింటికీ ఉత్సాహం గల, ఆసక్తి గల అనే ఉంది. వీటిలో ఏది తక్కువ, ఏది ఎక్కువ? ఒక వరసలో పెట్టి చెప్పండి."

వరసలో పెట్టడం కుదరదండీ. అమీర్‌పేటలో ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నవాణ్ని, ఈ వరస నన్ను అడగని బ్యాచ్ లేదు. ఇంగ్లీషు సంగతి కాసేపు పక్కన పెట్టి తెలుగులోనే చూడండి. "వాడు ఆత్రంగా ఉన్నాడు", "వాడు ఉత్సాహంగా ఉన్నాడు", "వాడికి ఆసక్తి ఉంది", "వాడు అత్యుత్సాహం చూపించాడు". వీటిలో ఏది ఎక్కువ అని మీరు ఎప్పుడైనా అడిగారా? అడగరు. ఆత్రం అంటే జరగబోయేదాని కోసం ఆగలేకపోవడం. ఉత్సాహం మొహంలో కనిపిస్తుంది. ఆసక్తి లోపల ఉన్నా చాలు. అత్యుత్సాహం అంటే హద్దు దాటిన పని. ఈ తేడా మీ చెవికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఇంగ్లీషు మాటల్లోనూ తేడా దాదాపు ఇలాగే పడుతుంది. కొలత సంగతి వదిలేసి, ఆ మనిషి చూపు ఎటుందో అడగండి: రాబోయేదాని మీదా, ఎదురుగా ఉన్నదాని మీదా, నమ్మినదాని మీదా?

ఈగర్ చూపు ఎప్పుడూ ముందుకే. ఇంకా జరగనిది, ఇంకా చేతికి రానిది ఒకటి ఉండాలి. గ్రూప్స్ రిజల్ట్ వస్తుందని అశోక్‌నగర్ రూముల్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఈగర్. జనవరి ఒకటిన నుమాయిష్ మొదలవుతుందని డిసెంబర్ నుంచే గోల పెట్టే పిల్లలు ఈగర్. నుమాయిష్‌కి వెళ్లొచ్చాక వాళ్లని ఈగర్ అనలేం, ఆ మాట పని అక్కడితో అయిపోయింది. తెలుగులో దీనికి ఆత్రం ఉంది, తహతహ ఉంది, ఉవ్విళ్లూరడం ఉంది. మాట పుట్టుక కూడా పదునైనదే: లాటిన్‌లో పదును, ఘాటు అనే అర్థమున్న మాట ఫ్రెంచిలోకి వచ్చి పులుపైంది, అక్కడినుంచి ఇంగ్లీషులో ఈగర్ అయింది. వెనిగర్‌లో చివర ఉన్నదీ అదే మాట, పులిసిన వైన్ అని. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మనం అన్నట్టే, ఇంగ్లీషులోనూ ఈగర్‌కి కొంచెం పిల్లతనపు వాసన ఉంది. పై అధికారి ముందు అతిగా పరుగులు పెట్టేవాణ్ని ఈగర్ బీవర్ అని వెక్కిరిస్తారు, అది 1940ల అమెరికన్ సైనికుల నోటి మాట. అయినా ఉద్యోగం ఉత్తరంలో "ఈగర్ టు లెర్న్" తప్పేమీ కాదు. కొత్తగా చేరేవాడి నోట బాగానే ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్న మేనేజర్ రాస్తే మాత్రం చిన్నపిల్లాడిలా వినిపిస్తుంది.

ఇక మీ ఫ్రెండ్ నవ్విన మాటల్లో ఒకటైన యాంక్షియస్. ఇది మనవాళ్ల ఉత్తరాల్లో ఇంతగా ఎందుకు దొర్లుతుందో చెప్పాలి. మన ఆత్రుత సంస్కృతం ఆతురత నుంచి వచ్చింది, ఆతురుడంటే రోగి, బాధలో ఉన్నవాడు. చావు దగ్గరపడ్డప్పుడు తీసుకునే సన్యాసాన్ని ఆతుర సన్యాసం అనేది అందుకే. కాబట్టి ఆత్రుతలో కోరికా ఉంది, కలవరమూ ఉంది. ఇంగ్లీషు ఆ రెంటినీ ఇద్దరికి పంచింది. కోరిక ఈగర్‌కి, కలవరం యాంక్షియస్‌కి. కొడుకు ఎక్కిన విమానం శంషాబాద్‌లో దిగి గంటైనా ఫోన్ రాలేదంటే తల్లి యాంక్షియస్. అదే విమానంలో మనవరాలు వస్తోందని గేటు దగ్గర నిలబడ్డ తాతయ్య ఈగర్. ఏదైనా తేడా జరుగుతుందేమోనన్న భయం ఉందా లేదా అన్నదే పరీక్ష. నిజమే, "యాంక్షియస్ టు" అనే వాడుక పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఉంది, పాత పుస్తకాల్లో "ఎంతో కోరికతో" అనే అర్థంలోనే కనిపిస్తుంది. అందుకే మన తాతల కాలపు అర్జీల్లో అది నడిచింది. ఇప్పుడు యాంగ్జయిటీ అనే మాట ప్రతివాడి నోటా ఉంది. ఉత్తరం చదివే హెచ్ఆర్ అమ్మాయికి "చేరాలంటే గుండె దడగా ఉంది" అన్నట్టే వినబడుతుంది.

కీన్‌ని మనవాళ్లు తక్కువ వాడతారు, అది నాకు బాధ. ఈ గుంపులో నాకు అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. పాత ఇంగ్లీషులో దానికి ధైర్యం అనే అర్థం ఉండేది, తర్వాత కత్తి పదును చేరింది, ఆ పదునే ఇప్పటికీ దాని గుణం. చురుకైన చూపు కీన్ ఐ, గట్టి పోటీ కీన్ కాంపిటీషన్. మనిషి విషయానికొస్తే కీన్ అంటే నిలకడగా, స్పష్టంగా ఒకదాని మీద మనసున్నవాడు. గంతులు వేయనక్కర్లేదు. ఉప్పల్ స్టేడియంలో ఈల వేయకుండా, జెండా ఊపకుండా, ప్రతి బంతినీ గమనిస్తూ కూర్చునే పెద్దమనిషి ఒకరు ఉంటారు చూడండి, ఆయన క్రికెట్ మీద కీన్. పక్కన మొహానికి రంగులేసుకుని అరుస్తున్న కుర్రాడు ఎంథూజియాస్టిక్. ఇద్దరిలో ఎవరికి ఆట మీద ప్రేమ ఎక్కువో ఆ రెండు మాటలూ చెప్పవు.

వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పని చేయాలనుంటే "కీన్ టు", ఆ వెంటనే క్రియ: కీన్ టు లెర్న్. వస్తువైనా అలవాటైనా "కీన్ ఆన్": కీన్ ఆన్ క్రికెట్, కీన్ ఆన్ లెర్నింగ్. "కీన్ ఆన్ లెర్న్" లేదు. ఇది బ్రిటన్‌లో ఇంట్లో వాడే మాట, అమెరికాలో వాడకం తక్కువ. లండన్ టీమ్‌తో కాల్స్‌లో కూర్చునేవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. వాళ్లు మీ ఆలోచన విని "ఐ యామ్ నాట్ టూ కీన్ ఆన్ దట్" అంటే మనకి "కొంచెం ఆసక్తి తగ్గింది" అని వినిపిస్తుంది. వాళ్ల ఉద్దేశం "నాకది నచ్చలేదు, వద్దు" అని. మన పెద్దవాళ్లు సంబంధం వద్దనలేక "చూద్దాంలెండి" అంటారే, అదే మర్యాద.

ఎంథూజియాస్టిక్ కథ హైదరాబాద్‌వాళ్లకి చెప్పడం సులువు. గ్రీకులో దాని మూలానికి అర్థం "లోపల దేవుడున్నవాడు" అని. అంటే పూనకం. ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం, అంటే అమ్మవారు పూనిన మహిళ భవిష్యవాణి చెప్పడం, చూసినవాళ్లకి ఇంకో వివరణ అక్కర్లేదు. ఇంగ్లీషులోనూ మొదట దాదాపు అదే అర్థం, పైగా అది తిట్టు. "దేవుడు నాతో నేరుగా మాట్లాడుతున్నాడు" అని ఊగిపోయేవాణ్ని ఎంథూజియాస్ట్ అనేవారు. తత్వవేత్త జాన్ లాక్ 1700లో తన పెద్ద గ్రంథం నాలుగో ముద్రణకి ఈ రోగం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే చేర్చాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ముందు ఆ వట్టి భ్రమ అనే అర్థాన్నే ఇచ్చింది. మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ బోధకుల్ని ఈ మాటతోనే ఎద్దేవా చేశారు. మెల్లగా దేవుడు పక్కకి తప్పుకున్నాడు, ఊపు మిగిలింది, తిట్టు మెప్పయింది. మన పూనకం ఇప్పుడు ఇదే దారిలో ఉంది: ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆట చూసి బయటికొచ్చిన కుర్రాడు "పూనకాలే అన్నా" అంటే దానర్థం భక్తి కాదని ఎవరికైనా తెలుసు.

ఆ పుట్టుక ఇప్పటికీ ఒక చోట పనిచేస్తుంది: ఎంథూజియాజం బయటికి కనబడాలి. మాటలో, చేతుల ఊపులో, గొంతులో. దేని కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, ఎదురుగా ఉన్నదాని మీదైనా, అయిపోయినదాని మీదైనా ఉండొచ్చు. ఈగర్‌తో తేడా అక్కడే. సినిమా చూడ్డానికి ముందు ఈగర్, చూసొచ్చి పదిమందికి చెబుతున్నప్పుడు ఎంథూజియాస్టిక్. దాని పక్కన "అబౌట్" వస్తుంది. ఎవరైనా "హి ఎంథూజ్డ్" అని రాస్తే తప్పనకండి గానీ, ఆ క్రియ నామవాచకం నుంచి అమెరికాలో పుట్టిన కొత్తది, దాన్ని చూస్తే మొహం చిట్లించే ఎడిటర్లు ఇంకా ఉన్నారు. ఇక మన కాలేజీ హాస్టళ్లలో పుట్టిన "ఫుల్ ఎంథూ", "ఎంథూ కట్లెట్" ఉన్నాయి కదా. నాకు ఎంథూ కట్లెట్ అంటే చాలా ఇష్టం, ఈగర్ బీవర్‌కి మన దేశంలో దొరికిన సమాధానం అది. ఫెస్ట్‌కి స్టేజి కట్టడం దగ్గర్నుంచి కుర్చీలు మోయడం దాకా అన్నిట్లోనూ తానే దూరేవాడికి అంతకన్నా మంచి పేరు లేదు. ఉత్తరంలో మాత్రం రాయకండి, మన దేశం దాటితే కట్లెట్ వంటింట్లోదే.

యావిడ్ గుర్తుపెట్టుకోవడం తెలుగువాడికి మరీ తేలిక, ఎందుకంటే మనకి యావ ఉంది. డబ్బు యావ, తిండి యావ. రెంటికీ చుట్టరికం లేదు, శబ్దం కలవడం ఉత్త యాదృచ్ఛికం, అయినా అర్థం అతికినట్టు కుదిరింది: లాటిన్ మూలం కూడా తీరని ఆశే. తేడా ఏమిటంటే మన యావ నింద, వాళ్ల యావిడ్ మెప్పు. చదివేవాడు, చూసేవాడు, సేకరించేవాడు, అంటే ఎంత దొరికినా ఇంకా కావాలనేవాడు యావిడ్: యావిడ్ రీడర్, యావిడ్ కలెక్టర్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి సంచి నింపుకుని, మళ్లీ వారం మళ్లీ వచ్చేవాళ్లు యావిడ్ రీడర్లు. ఇది దాదాపుగా నామవాచకం ముందే కూర్చుంటుంది. "ఐ యామ్ వెరీ యావిడ్" అంటే వినేవాడు ఇంకా ఏదో వస్తుందని చూస్తూ ఉంటాడు.

ఆర్డెంట్, ఫర్వెంట్ రెండూ వేడి మాటలే. మొదటిది లాటిన్‌లో మండటం, రెండోది మరగటం. మనూళ్లో జోష్ అంటారే, ఫారసీలో దానికీ మరగటమనే అర్థం, కాబట్టి ఫర్వెంట్‌కి అది వేలువిడిచిన తమ్ముడనుకోండి. వాడుకలో ఆర్డెంట్ మనిషికి అంటుకుంటుంది, ఆర్డెంట్ ఫ్యాన్ అంటే మన వీరాభిమాని. ఫర్వెంట్ ఎక్కువగా ప్రార్థనకీ, ఆశకీ, నమ్మకానికీ అంటుకుంటుంది. రెండూ రాతలో బరువుగా ఉంటాయి, మాటలో వాడితే ఉపన్యాసంలా ఉంటుంది. జెస్ట్, గస్టో అనే రెండు నామవాచకాలు కూడా తగులుతాయి, అవి నాలుకనుంచి వచ్చినవి: జెస్ట్ నిమ్మ, నారింజ తొక్క, గస్టో ఇటాలియన్‌లో రుచి. బిర్యానీని గస్టోతో లాగించవచ్చు, ఉద్యోగాన్ని కాదు.

మీ ఫ్రెండ్ అసలు నవ్వింది జెలస్‌కి అయ్యుంటుంది. ఇక్కడ మన లిపిది కూడా కొంత పాత్ర ఉంది. జెడ్‌తో మొదలయ్యేదీ, జేతో మొదలయ్యేదీ మనకి రాతలో ఒకటే జెలస్. నోట్లోనూ అంతే. తెలుగులో జడ, జోల అనేటప్పుడు వచ్చే దంత్య జ ఇంగ్లీషు జెడ్‌కి కాస్త దగ్గరగా ఉంటుంది, పాత పుస్తకాల్లో దానికి వేరే గుర్తు కూడా ఉండేది. కానీ మన అచ్చతెలుగు మాటల్లో ఇ, ఎ ముందు జ ఎప్పుడూ తాలవ్యమే. కాబట్టి జె అనగానే నాలుక దానంతటదే జే వైపు పోతుంది. పాతబస్తీ పిల్లలకి ఈ ఇబ్బంది లేదు, జిందగీలో జెడ్ పలకడం వాళ్లకి పుట్టుకతో వస్తుంది. మీకు రాకపోతే ఇంటర్వ్యూలో "నా పని పట్ల జెలస్" అన్నది "అసూయపడతాను" అని వినబడుతుంది. విచిత్రమేమిటంటే రెండూ తోబుట్టువులే, ఒకే గ్రీకు మాట నుంచి ఒకటి లాటిన్ మీదుగా, ఒకటి ఫ్రెంచి మీదుగా వచ్చాయి. ఏదో ఒకదాన్ని ప్రాణంగా కాపలా కాయడం రెండిట్లోనూ ఉంది.

సరే, పలకడం వచ్చిందనుకుందాం. అప్పుడైనా అది మీకు తగదు. జెడ్ జెలస్ చూపు నమ్మినదాని మీద ఉంటుంది: ఒక మతం, ఒక ఉద్యమం, ఒక నియమం. దాని కోసం పగలూ రాత్రీ పనిచేస్తాడు, అడ్డొచ్చినవాణ్ని తోసేస్తాడు. మొదటి శతాబ్దంలో రోమన్ పాలన మీద తిరగబడ్డ యూదుల్లో ఒక వర్గానికి జెలట్లని పేరు. ఆ తిరుగుబాటు 70లో జెరూసలేం దేవాలయం కూలడంతో దాదాపు ముగిసింది. ఆ నీడ మాటని వదల్లేదు. మెచ్చుకుంటున్నప్పుడు కూడా "వీడితో జాగ్రత్త" అని లోపల ఒక గొంతు ఉంటుంది. ముందు ఓవర్ చేర్చారంటే అచ్చం మన పేపర్ల శీర్షిక వస్తుంది: అధికారుల అత్యుత్సాహం, పోలీసుల అత్యుత్సాహం. ఓవర్‌జెలస్‌కి అంతకంటే సరైన తెలుగు నాకు తోచదు.

ఒక్క పక్కమాట. మన ఉత్సాహం కూడా ఇప్పుడున్నంత తేలిక మాట కాదు. నాట్యశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమే. యుద్ధానికైనా దానానికైనా వెనక్కి తగ్గని పూనిక అది. ఈ అర్థంలో తీసుకుంటే ఉత్సాహం ఎంథూజియాజం కంటే జీల్‌కే (జెడ్ జెలస్‌కి నామవాచకం) దగ్గర. ఇప్పుడు "ఇవాళ ఉత్సాహంగా లేదు" అంటే ఒంట్లో బాగాలేదని అర్థం. నిఘంటువు అన్నిటికీ ఉత్సాహం అని రాసి ఊరుకోవడానికి ఇదొక కారణం: పాతా కొత్తా అర్థాలన్నీ ఆ ఒక్క మాటలో ఇరుక్కుని ఉన్నాయి.

ప్యాషనేట్ సంగతి చెప్పాలంటే నాకు కొంచెం చిరాకు. లాటిన్ మూలం బాధపడటం. క్రీస్తు శిలువ బాధల్ని ప్యాషన్ అంటారు, ఆసుపత్రి పేషెంట్ కూడా ఆ కుటుంబమే. అంటే కష్టమొచ్చినా వదల్లేని ప్రేమ. "వాడికి పాటంటే ప్రాణం" అంటాం, అది ప్యాషనేట్. ఇప్పుడు ప్రతి రెజ్యూమేలో డేటా ఎంట్రీ పట్ల, ఎక్సెల్ షీట్ల పట్ల, కస్టమర్ సపోర్ట్ పట్ల ప్యాషన్ కనబడుతుంది. "నాకు టెస్టింగ్ అంటే ప్రాణమండీ" అని తెలుగులో ఇంటర్వ్యూ చేసేవాడి ముందు అనగలరా? అనలేకపోతే ఇంగ్లీషులోనూ అనకండి. పైగా "ఎ ప్యాషనేట్ మ్యాన్" అని ఒంటరిగా వదిలేస్తే ప్రేమ వ్యవహారమో, ముక్కుమీద కోపమో తోస్తుంది. వాడి తీరాలంటే వెనక అబౌట్ పెట్టి, దేని గురించో రాసి, ఆ పక్క వాక్యంలోనే ఏం చేశారో చూపించండి.

అడగలేదు గానీ, ఉత్సాహం మాటల్లో మనవాళ్లు ఎక్కువగా తడబడేది అసలు ఇక్కడ: "ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్", "ఐ యామ్ సో ఎక్సైటింగ్". మనసు కదిలిందంటే చివర ఈడీ, మనసుని కదిలించేదంటే చివర ఐఎన్‌జీ. ఉద్యోగం ఇంట్రెస్టింగ్, మీరు ఇంట్రెస్టెడ్. తిరగేస్తే "నేను భలే ఆసక్తికరమైన మనిషిని" అని మీ గురించి మీరే చెప్పుకున్నట్టు.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఈ పనికి చాలదు. విదేశీ విద్యార్థుల కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీ కొనండి. 1987లో వచ్చిన కోబిల్డ్ దగ్గర్నుంచి ఇవి జనం నిజంగా రాసిన, మాట్లాడిన లక్షల వాక్యాలు వెతికి చేసినవి. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో ఉదాహరణల్లోనే తెలుస్తుంది. పాత ముద్రణలైనా పర్లేదు, ఆబిడ్స్‌లోనే దొరుకుతాయి. ఫోన్‌లో ఉచితంగా చూసే సైట్లు కూడా ఉన్నాయి.

మీ వాక్యానికొస్తే, ప్యాషనేట్, జెలస్, యాంక్షియస్ మూడూ తీసేయండి. నేనైతే ఇలా రాస్తాను: "ఐ ఎంజాయ్ ఫైండింగ్ ద బగ్స్ అదర్స్ మిస్, అండ్ ఐ యామ్ కీన్ టు లెర్న్ ఆటోమేషన్." మొదటి సగానికి ఇంటర్వ్యూలో ఉదాహరణ అడుగుతారు, మీరు పట్టుకున్న బగ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. కంపెనీ అమెరికాదైతే కీన్ బదులు ఈగర్ పెట్టండి, మీది మొదటి ఉద్యోగమైతే పిల్లతనం అనిపించదు. పిలుపు వస్తే జవాబులో "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ" అని రాయండి. అక్కడ టు తర్వాత మీట్ రాయకూడదు, మీటింగ్ అనే ఉండాలి.